గట్టు కింద బూడిద గీత

హనుమాన్ జంక్షన్‌లో కట్టెల పొయ్యి మీద పెసరట్లు పోసే హోటలు ఇంకా ఒకటి మిగిలి ఉంది. మొన్న పొద్దున అక్కడ కారు ఆపించి, అట్టు తిని, చెయ్యి కడుక్కుని, ఓ సంచి బూడిద కావాలని అడిగాను. హోటలాయన నా ఇస్త్రీ చీర వంకా, బయట ఆగి ఉన్న కారు వంకా చూశాడు. "అంట్లకాండీ?" అన్నాడు. కాదండీ, చెరువు గట్టుకి అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ, బొగ్గులు ఏరేసి, జల్లించి మరీ ఇచ్చాడు. పెద్దవాళ్ళకి చాదస్తం ఉంటుందని ఊరికే ఒప్పేసుకునే మర్యాద మా వైపు ఇంకా ఉంది.

కార్లో నా పక్కన కూర్చున్నావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ నా చిన్ననాటి స్నేహితురాలు. నర్సుగా పనిచేసి రిటైరై గన్నవరంలో ఉంటోంది. విజయవాడ నుంచి వస్తూ దారిలో ఎక్కించుకున్నాను. ఆ గట్టు దగ్గరికి ఆవిడ లేకుండా వెళ్ళే హక్కు నాకు లేదు. ఎందుకో చెబుతాను.

ఆ చెరువు మా కుటుంబానిది. సర్కారుదీ కాదు, పంచాయతీదీ కాదు. జంక్షన్ దాటి నూజివీడు రోడ్డు మీద కొంత దూరం వెళ్తే నేల మెరకెక్కుతుంది. అక్కడ రెండు మెరకల మధ్య మా తాతగారి నాన్నగారు తన పొలంలోనే అడ్డంగా మట్టి పోయించి, ఎద్దుల చేత తొక్కించి కట్టిన గట్టు అది. వెనక వాన నీరు నిలిచింది, ముందు వరి పండింది. ఈమధ్య వానలు మర్యాద తప్పి కురుస్తున్నాయి కనుక, సొంత చెరువులున్నవాళ్ళంతా గట్టు ఎలా ఉందో చూపించుకోవాలన్నారు. చూడడానికి ఒక ఇంజనీరమ్మాయి వస్తోందని కబురొచ్చింది. మావాళ్ళలో ఎవరికీ తీరిక లేదు. తీరిక తప్ప మరేం లేని నన్ను పంపారు.

అమ్మాయి మాకంటే ముందే వచ్చి ఉంది. తలకి టోపీ, కాళ్ళకి బూట్లు, చేతిలో పలకలాంటి ట్యాబు. గట్టు పొడవు కొలిచింది, వాలు కొలిచింది, తూము తలుపు తుప్పు పట్టిందని మెల్లగా మందలించింది. గట్టు మీద ఓ వేపమొక్క నా భుజమంత ఎదిగితే దాన్ని తీయించమని చెప్పింది. ఆ మాట మా నాయనమ్మ నోట విన్నట్టే ఉంది. గట్టు మీద చెట్టూ, ఇంట్లో అబద్ధమూ వేరు పట్టకముందే పీకెయ్యాలనేది ఆవిడ.

చివరికి అమ్మాయి ట్యాబులో చూసుకుంటూ అడిగింది. "ఎప్పుడైనా గట్టులోంచి నీరు ఊరిందాండీ? మీకు తెలిసినంతలో?"

నేనూ నా స్నేహితురాలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా నాయనమ్మ పామర్రు ఆడపడుచు. కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. పామర్రులో నీళ్ళు వాటంతటవే గడప దాకా వస్తాయనీ, ఈ మెట్టలో కట్టి పెట్టుకుంటే తప్ప ఉండవనీ, తనని తెచ్చి ఇలాంటి చోట పడేశారనీ వచ్చిన చుట్టానికల్లా చెప్పేది. అలా సణుగుతూనే ఆ చెరువుని కన్నబిడ్డలా చూసుకుంది. తాతయ్య పోయాక చెరువు పెత్తనం పూర్తిగా ఆవిడదే. గట్టు మీద గరిక తప్ప ఏదీ పెరగనిచ్చేది కాదు. చెదపుట్ట లేచిందంటే ముందు పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టి, ఆ వెంటనే తవ్వించేది. నాగేంద్రుడికి మా పొలంలో వేరే చోటు బోలెడుందని ఆవిడ లెక్క.

ఆవిడకి కుడిభుజం గట్టు తాత. గట్టు కిందున్న పేటలో మొదటి ఇల్లు ఆయనదే. చెప్పుల్లేకుండా రోజూ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేవాడు. పాదం మెత్తగా దిగిందంటే అక్కడ ఆగి గునపంతో చూసేవాడు. చెప్పులేసుకోవచ్చుగా అని నేనడిగితే, "చెప్పులేసుకుంటే గట్టు మాట్టాడదు పాపగారూ" అన్నాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి చెప్పులేసుకునే వెళ్ళేవాడు. దేవుడు చెప్పులతో వచ్చినా మాట్లాడతాడు కాబోలు అనుకునేదాన్ని. నా స్నేహితురాలు ఆయన మనవరాలు. నా ఈడుదే అయినా నాకంటే పొడుగు, నాకంటే ధైర్యం, నాకంటే బాగా చెట్లెక్కేది. వీటిలో మొదటి రెండూ ఇప్పటికీ నిజమే.

చెరువు నిండాక మా ఇంట్లో ఒక పద్ధతి మొదలయ్యేది. పొయ్యిలో బూడిద ఒక్క పిడికెడు కూడా పారబోయకూడదు. మా ఇంటి బూడిద, పేటలో ఇళ్ళ బూడిద అంతా తట్టల్లో గట్టు కిందకి చేరేది. మంచు ఆరిపోయాక, మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకి, పొలం వైపు గట్టు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి జానెడు వెడల్పున బూడిద గీత వేసేవారు. పొద్దు వాలేముందు గట్టు తాత ఆ గీత వెంట నడిచేవాడు. బూడిద తెల్లగా ఉంటే సరే. ఎక్కడైనా నల్లబడిందంటే అక్కడ నీరు ఊరుతోందన్నమాట. ఊరిన నీరు తేటగా ఉంటే కంగారు లేదు, మట్టి గట్టన్నాక కాస్త చెమరుస్తుంది. మడ్డిగా ఉంటే మాత్రం లోపల మట్టి కొట్టుకొస్తోందని అర్థం. గీత అంతా చూసుకుని బాగుందనుకున్నాక, ఆయన పేట వైపు తిరిగి నోటి దగ్గర చేతులు పెట్టుకుని గట్టిగా కేకేసేవాడు. "పొయ్యిలు రాజేసుకోండోయ్."

ఆ కేక వినపడే దాకా పేటలో ఎవరూ రాత్రి వంటకి పొయ్యి వెలిగించేవారు కాదు. కేక తర్వాత కాసేపటికి ఒక్కో కప్పులోంచి పొగ లేచేది. కాలిన తుమ్మకట్టె వాసన, ఎసట్లో పడ్డ కొత్త బియ్యం వాసన, ఎండుచేపలు కాలుతున్న వాసన గట్టెక్కి మా ఇంటిదాకా వచ్చేవి. ఆ ఎండుచేపల వాసనకి కార్తీకంలో మా ఇంటిల్లిపాదికీ నోట్లో నీళ్ళూరేవి. పైకి మాత్రం ఎవరం ఒప్పుకునేవాళ్ళం కాదు.

అసలు గొడవంతా కార్తీకం వల్లే వచ్చింది.

గట్టుకి పీత బద్ధశత్రువు. నీటి వైపు బొరియ చేసిందంటే అది మట్టిలో ఎంతదూరమైనా పోతుంది. గట్టు తాత రోజూ పీతల్ని తవ్వి పట్టేవాడు. పట్టిన పీత గట్టు దిగాక మళ్ళీ గట్టెక్కకూడదు, తిన్నగా కూర గిన్నెలోకి పోవాలి. మామూలు రోజుల్లో సగం మా ఇంటికి వచ్చేవి. నాయనమ్మ పీతల పులుసు పెడితే పక్క పొలం వాళ్ళు కూడా ఏదో పని కల్పించుకుని వచ్చేవారు. చింతపండు, ఉల్లిపాయ, దంచిన మిరియాలు, దింపేముందు చారెడు ధనియాల పొడి. డెక్కలు కొరికి గుజ్జు పీలుస్తుంటే చేతులు మోచేతుల దాకా ఎర్రబడేవి. కార్తీకంలో మాత్రం మేం నీచు ముట్టం కనుక పీతల బుట్ట మొత్తం పేటకే. ఆ బుట్ట మోసుకెళ్ళే పని మా ఇద్దరిదీ.

ఆ ఏడు నాకు భక్తి కుదిరింది. నాయనమ్మ రోజూ తలస్నానం చేసి పురాణం చదువుతుంటే పక్కనే కూర్చుని వినేదాన్ని. ఈ నెలలో చీమని తొక్కినా పాపమేననీ, ఒక్క జీవిని బతికించినా కొండంత పుణ్యమనీ ఆవిడ అంది. బుట్టలో పీతలు ఒకదాని మీదొకటి ఎక్కి డెక్కలు ఆడిస్తుంటే నాకు అవన్నీ దణ్ణాలు పెడుతున్నట్టే కనపడింది. వదిలేద్దామన్నాను. నా స్నేహితురాలు ఒప్పుకోలేదు, మా అమ్మమ్మ అడుగుతుంది అంది. బేరం మొదలైంది. రోజుకి రెండో మూడో వదులుదాం, ఎవరికీ తెలియదు, పుణ్యం నాకు, మా ఇంట్లో నా వంతు చలిమిడీ చిమ్మిలీ నీకు అన్నాను. చలిమిడి దగ్గర దాని పట్టుదల సడలింది. ఎవరికీ చెప్పనని నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాను.

ఎక్కడ వదలాలి? బయట వదిలితే కాకులు పొడుస్తాయి. అందుకని గట్టెక్కి, తూము రాయి పక్కన తుంగ గుబురుగా ఉన్న చోట, ఎవరికీ కనపడకుండా నీటి వైపు వదిలేవాళ్ళం. అవి పక్కపక్కగా నడుచుకుంటూ తుంగలోకి దూరుతుంటే నాకు కళ్ళు చెమర్చేవి. అంత తృప్తిగా పాపం చేసిన మనిషి ఇంకొకరు ఉండరు.

పది రోజులయ్యాక ఓ సాయంత్రం బూడిద గీత తూము పక్కన నల్లబడింది. బారెడు మేర. గట్టు తాత వంగి నీరు దోసిట్లో పట్టి చూశాడు, తేటగానే ఉందన్నాడు. కేకేశాడు గానీ మెల్లగా వేశాడు. మర్నాడు మధ్యాహ్నానికి అక్కడ చిన్న ధార మొదలైంది. నాయనమ్మ ఇంట్లోంచి ఇత్తడి గ్లాసు తెచ్చి ఆ నీరు పట్టింది. కాసేపు కదలకుండా ఉంచితే గ్లాసు అడుగున వేలెడు మందాన మట్టి పేరుకుంది. నాయనమ్మ గ్లాసు వంపేసి, పేట ఖాళీ చేయించమంది.

అంతమందీ అలా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ మెరక మీద మామిడితోటలోకి తీసుకెళ్ళారు. నా స్నేహితురాలి అమ్మమ్మ రెండు చంకల్లో రెండు కోళ్ళని ఇరికించుకుని తిట్టుకుంటూ నడిచింది. గట్టు కింద వరి కంకులు వంగి ఉన్నాయి, వారం పది రోజుల్లో కోతలు. ఒకాయన మట్టి తట్టతో వచ్చి ఆ ధారకి అడ్డంగా పోయబోతే గట్టు తాత ఆపాడు. బయట మూస్తే నీరు ఇంకో చోట పొడుచుకొస్తుంది, మూయవలసింది లోపల అన్నాడు. ధార చుట్టూ ఇసక మాత్రం పోయించి, తను నీళ్ళలోకి దిగాడు. లోపల బొరియ ఎక్కడుందో తెలియాలి. గట్టు పొడవునా తుంగ. ఛాతీ లోతు నీళ్ళలో కాళ్ళతో తడుముకుంటూ తూముకి అవతలి వైపు నుంచి మొదలుపెట్టాడు. అటు కాదని నాకు తెలుసు.

తెలిసీ చెప్పలేదు. ఇప్పటికీ ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నాయనమ్మ ఎప్పుడూ నా మీద చెయ్యి చేసుకున్న మనిషి కాదు, కానీ ఆ రోజు ఆవిడ మొహం చూస్తే భయమేసింది. మామిడితోట వైపు చూశాను. నా స్నేహితురాలు వాళ్ళ మేకపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గట్టు తెగితే మొదట పోయేది దాని ఇల్లు. నీళ్ళలో ఉన్నది దాని తాత. అయినా అది నోరు విప్పలేదు. నా వంకే చూస్తోంది. ఒట్టు నిలబెట్టుకుంటోంది. ఆ చూపు నాకు భరించడం కష్టమైంది.

నాయనమ్మ చెంగు పట్టుకున్నాను. "పీతల్ని మేం వదిలిన చోటు నాకు తెలుసు" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగింది. "మేం అంటే?"

"నేను. దాని చేత ఒట్టు పెట్టించింది కూడా నేనే."

ఆవిడ నా రెక్క పట్టుకుని గట్టు మీదకి నడిపించింది. తూము రాయి దగ్గర నిలబెట్టి, వేలు పెట్టి చూపించమంది. చూపించాను. గట్టు తాత అటు వచ్చి, పైన ఉన్నవాళ్ళనడిగి గుప్పెడు ఊక తీసుకుని నీళ్ళ మీద చల్లాడు. ఊక కాసేపు తేలింది. తర్వాత మెల్లగా ఒక్కచోటికి చేరి, గిర్రున తిరిగి, లోపలికి పోయింది. ఆయన అక్కడ కాలు పెట్టి తడిమి, "దొరికిందండి అమ్మగారూ" అన్నాడు.

బంకమట్టీ గడ్డీ కలిపి తొక్కిన ముద్దలు, మట్టి నింపిన గోనెసంచులు చేతి నుంచి చేతికి అందించారు. మగవాళ్ళంతా గట్టు మీద వరసకట్టారు. నాయనమ్మ నా చేతికి ఆ ఇత్తడి గ్లాసిచ్చి, తోటలో ఉన్నదాన్ని కూడా పిలిచి, మమ్మల్నిద్దర్నీ గట్టు చివర మెరక మీద కూర్చోబెట్టింది. కిందనుంచి ఒకాయన ధార నీరు పట్టి తెచ్చి గ్లాసులో పోసేవాడు. మట్టి ఎంత దిగిందో చూసి మేం చెప్పాలి. మొదట వేలెడు, తర్వాత అరవేలెడు. ఎన్నో గ్లాసో గుర్తులేదు, ఒక గ్లాసు అడుగున ఇత్తడి మీద చెక్కిన మా తాతయ్య పేరు చదవగలిగాం. ఇద్దరం ఒకేసారి చదివాం. అప్పుడు అది నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను అంతకంటే గట్టిగా ఏడ్చాను.

పొద్దు వాలేసరికి ధార చెమ్మగా మారింది. గట్టు తాత వణుకుతూ పైకి వచ్చాడు. నేను ఆయన ఎదురుగా తలొంచుకుని నిలబడ్డాను. ఆయన నాయనమ్మతో అన్నాడు, "పాపగారిదొక్కటే కాదండి తప్పు. ఆ చోట పోయినేడు నేను పూడ్చిన బొరియే అది. మట్టి పోశాను గానీ తొక్కడం తక్కువైంది. పీతలకి మెత్తటి చోటు దొరికింది." తన తప్పు ఎవరూ అడక్కుండా చెప్పిన పెద్దమనిషిని నేను చూడడం అదే మొదలు.

నాయనమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. గట్టు నిలవడం కంటే పెద్ద వ్రతం మన ఇంట్లో లేదు, అది తెలుసుకో అంది నాతో. శిక్ష కూడా అక్కడే వేసింది. చెరువు నీరు తగ్గేదాకా బూడిద గీత వేసే పని మా ఇద్దరిదీ.

శిక్షలన్నీ అలాంటివైతే లోకంలో మంచివాళ్ళే మిగలరు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, చెరో తట్టా పట్టుకుని, ఆ చివర నుంచి అదీ ఈ చివర నుంచి నేనూ గీత వేసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవాళ్ళం. బూడిదతో ఒకరికొకరం మీసాలు దిద్దుకునేవాళ్ళం. బూడిదలో కాలిన చిలగడదుంప ముక్క ఒక్కోసారి దొరికేది. పేటలో ఎవరో తీయడం మరిచిపోయి ఉంటారు, లేక మా కోసమే ఉంచి ఉంటారు. దాన్ని సగం చేసి ఊదుకుంటూ తినేవాళ్ళం. ఆ చలికాలమంత తృప్తిగా నేనెప్పుడూ లేను.

కార్తీకం అయిపోయి పోలిపాడ్యమి వచ్చింది. తెల్లవారుజామున ఆడవాళ్ళందరం స్నానాలు చేసి అరటి దొప్పల్లో దీపాలు పెట్టి చెరువులో వదిలాం. గట్టు తాత కూడా వచ్చి తూము పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చర్చికెళ్ళే మనిషికి ఇంత భక్తేమిటా అని ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసింది. దీపాలు ఎటు లాగుతున్నాయో చూస్తున్నాడు. నీరు లోపలెక్కడైనా గుంజుతుంటే దీపం అటే పోతుంది. దీపాలు పోలేదు, ఉన్నచోటే ఊగుతూ ఉన్నాయి. మేం దణ్ణాలు పెట్టుకోవడం పూర్తయ్యాక ఆయన కూడా ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు మా ఇంట్లో పీతల పులుసు. నాకు వడ్డిస్తూ నాయనమ్మ, ఈ పీతకి నువ్వు ముందే మోక్షమిచ్చావే, మొహమాటపడకు, తిను అంది. తిన్నాను. రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

ఇదంతా విన్న ఇంజనీరమ్మాయి మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, ట్యాబు తీసింది. "మరి కారణం ఏమని రాయమంటారు?"

"పీతలు" అంది నా స్నేహితురాలు.

"కాదమ్మా, పుణ్యం" అన్నాను నేను.

అమ్మాయి వేలితో తెర జరిపి చూసింది. అందులో చెట్ల వేర్లు, ఎలుకలు, పీతలు, ఇతరములు అని ఉన్నాయట. "పుణ్యం ఇతరముల కిందకి వస్తుందండీ" అంది. పిల్ల నాకు నచ్చింది.

సంచీలోంచి బూడిద తీశాం. మోకాళ్ళ నెప్పులతో గట్టంతా గీత వేయడం ఇద్దరి వల్లా కాదు కనుక తూము పక్కన ఓ పాతిక బారలు వేశాం. అది ఆ చివర, నేను ఈ చివర. ఇంజనీరమ్మాయి వేరే చోటికి వెళ్ళవలసి ఉన్నా ఆగింది. ఇదెంతసేపండీ అంటే, సాయంత్రం దాకా అన్నాను. మేం ముగ్గురం గట్టు కింద గడ్డి మీద కూర్చుని, జంక్షన్‌లో కట్టించుకొచ్చిన పులిహోర తిన్నాం. కింద పేటలో ఇప్పుడన్నీ డాబా ఇళ్ళు. నా స్నేహితురాలి ఇంటి చోట దాని తమ్ముడి కొడుకు రెండంతస్తులు వేశాడు. గట్టు తాతా లేడు, నాయనమ్మా లేదు. ఆ లోటు ఉంది. కానీ ఆ ఇళ్ళన్నీ ఎక్కడివక్కడే నిలబడి ఉండడం చూస్తుంటే మనసుకి హాయిగానే ఉంది.

పొద్దు వాలింది. అమ్మాయి బూట్లు విప్పింది. మేమెవరం చెప్పలేదు, తనే విప్పి, గీత పక్కనే నడుచుకుంటూ వెళ్ళి, వంగి వేలితో ముట్టుకుని చూసి, "పొడిగానే ఉందండీ" అంది.

నా స్నేహితురాలు చీర సర్దుకుని లేచింది. పేట వైపు తిరిగి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, వాళ్ళ తాత గొంతుతో కేకేసింది. "పొయ్యిలు రాజేసుకోండోయ్."

డాబా మీద బట్టలు తీస్తున్న ఒకామె ఆగి మా వైపు చూసింది. చేతిలో బట్టలతోనే పిట్టగోడ దాకా వచ్చి, "ఏంటండీ?" అంది.

"ఏం లేదమ్మా, వంట చేసుకోండి" అంది నా స్నేహితురాలు.

ఆమె సరేనంది. కాసేపటికి ఆ ఇంటి వంటగదిలో లైటు వెలిగింది, తిరగమోత వాసన గట్టు దాకా వచ్చింది.